దూరాన్ని దగ్గర చేసే కటకం - దాని ఖరీదు

నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్లు కట్టుకునే కాలంలో వాటిని ఫొటో తీయాలనుకున్నారనుకోండి. దగ్గరకు పోతే పక్షులు బెదిరి లేచిపోతాయి. గట్టు మీద నుంచే తీస్తే బొమ్మలో పక్షి చుక్కంత పడుతుంది. పొడవాటి టెలిఫోటో కటకం కొందామంటే దాని ధర ఆకాశంలో ఉంటుంది. ఇలాంటప్పుడు ఫొటోగ్రాఫర్లు ఒక ఉపాయం చేస్తారు. ఉన్న కటకానికీ కెమెరాకూ మధ్య పిడికిట్లో పట్టేంత చిన్న గొట్టం ఒకటి బిగిస్తారు. దాని పేరు టెలికన్వర్టర్. 300 మి.మీ. నాభ్యంతరం గల కటకం దానితో 600 మి.మీ. కటకంలా పనిచేస్తుంది. పక్షి రెండింతలు పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంత సులువైతే పెద్ద కటకాలు కొనడం దేనికి? పావు లీటరు పాలలో ముప్పావు లీటరు నీళ్లు పోస్తే గిన్నెలో లీటరు కనిపిస్తుంది. పాలు మాత్రం పావు లీటరే. టెలికన్వర్టర్ చేసే పని అలాంటిదే. ముందున్న కటకం పోగుచేసిన వెలుగునే అది ఎక్కువ చోటులో పరుస్తుంది. కొత్త వెలుగును తీసుకురాదు. ముందు కటకం పట్టుకోలేని వివరాన్ని పుట్టించదు.

అయితే ఒక్కోసారి ఇలా పలచన చేయడం వల్లే అంతవరకు దాగి ఉన్న వివరం బయటపడుతుంది. ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం? ఈ లెక్క ఈనాటి కెమెరాలతో మొదలైంది కాదు. దీనికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఖగోళ శాస్త్రజ్ఞులు, పర్వతాలను చిత్రించినవారు, కటకాలు అరగదీసినవారు అందరూ తమ తమ కాలంలో ఈ లెక్క వేసుకోవలసి వచ్చింది.

కెప్లర్ చెప్పిన సూత్రం

గ్రహాల గమన సూత్రాలతో మనకు పరిచయమైన యొహానెస్ కెప్లర్ 1611లో 'డయాప్ట్రిస్' అనే గ్రంథం ప్రచురించాడు. కటకాల గుండా కాంతి ఎలా ప్రయాణిస్తుందో అందులో వివరించాడు. గెలీలియో దూరదర్శినితో ఆకాశాన్ని చూసి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. కుంభాకార కటకం నుంచి వచ్చే కిరణాలు ఒకచోట కలుసుకోబోయే ముందు వాటి దారిలో పుటాకార కటకాన్ని ఉంచితే, అవి ఇంకొంచెం దూరంలో కలుసుకుని పెద్ద ప్రతిబింబాన్ని ఏర్పరుస్తాయని ఆ గ్రంథంలో ఉంది. నేటి టెలిఫోటో కటకానికీ, టెలికన్వర్టర్‌కూ మూలం ఇదే.

దీన్ని మీ కళాశాల ప్రయోగశాలలోనే పరీక్షించవచ్చు. 20 సెం.మీ. నాభ్యంతరం గల కుంభాకార కటకాన్ని దూరపు చెట్టు వైపు తిప్పితే 20 సెం.మీ. దూరంలో తెర మీద ప్రతిబింబం పడుతుంది. ఇప్పుడు కుంభాకార కటకానికి 10 సెం.మీ. వెనుక, అంతే నాభ్యంతరం గల పుటాకార కటకాన్ని పెట్టండి. ప్రతిబింబం మునుపటి చోట ఉండదు. తెరను పుటాకార కటకం నుంచి 20 సెం.మీ. దూరానికి జరిపితే మళ్లీ స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఈసారి చెట్టు రెండింతలు ఎత్తుగా ఉంటుంది. అంటే రెండు కటకాలూ కలిసి 40 సెం.మీ. నాభ్యంతరం గల కటకంలా పనిచేశాయి. మొత్తం అమరిక పొడవు మాత్రం 30 సెం.మీ. మాత్రమే. నాభ్యంతరం కంటే పొట్టిగా ఉండడమే టెలిఫోటో అమరిక లక్షణం.

ఈ ప్రయోగంలో మరో సంగతి కూడా గమనించండి. చెట్టు పెద్దదైంది కానీ మసకబారింది. ఎత్తు రెండింతలు, వెడల్పు రెండింతలు అయినప్పుడు వైశాల్యం నాలుగింతలవుతుంది. లోపలికి వచ్చిన వెలుగు మారలేదు. కనుక తెర మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ నాలుగో వంతు వెలుగే దక్కింది. ఫొటోగ్రాఫర్లు దీన్నే ఎఫ్-సంఖ్యతో చెబుతారు. నాభ్యంతరాన్ని కటక ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్-సంఖ్య. 300 మి.మీ. నాభ్యంతరం, 75 మి.మీ. ద్వారం ఉంటే అది ఎఫ్/4. దానికి 2 రెట్ల కన్వర్టర్ తగిలిస్తే నాభ్యంతరం 600 అవుతుంది. ద్వారం అదే 75 గనుక ఎఫ్/8 అవుతుంది. 1.4 రెట్ల కన్వర్టర్ అయితే 420 మి.మీ., ఎఫ్/5.6. అప్పుడు వెలుగు సగమవుతుంది.

సాలెపోగు పక్కన నక్షత్రం

కెప్లర్ సూత్రం చాలాకాలం పుస్తకంలోనే ఎక్కువగా నిలిచిపోయింది. దానికి ఖగోళ శాస్త్రంలో చక్కని ఉపయోగం చూపినవాడు ఇంగ్లండులోని వుల్విచ్ సైనిక అకాడమీలో గణితం బోధించిన పీటర్ బార్లో. ఆయన 1776 నుంచి 1862 దాకా జీవించాడు. బార్లో ఆలోచన ప్రకారం దూరదర్శినుల తయారీదారు జార్జ్ డాలండ్ 1833 ప్రాంతంలో రంగుల దోషం సవరించిన పుటాకార కటకాన్ని తయారుచేశాడు. నేటికీ దూరదర్శినులతో పాటు దొరికే 'బార్లో కటకం' ఇదే.

దీన్ని ఎందుకు కోరుకున్నారో తెలిస్తే మన లెక్క సగం అర్థమైనట్లే. ఆ కాలంలో జంట నక్షత్రాల మధ్య దూరాన్ని మైక్రోమీటరుతో కొలిచేవారు. దానిలో సాలెపోగు వంటి అతి సన్నని తీగలు ఉంటాయి. ఎంత సన్నగా ఉన్నా తీగకు కొంత మందం తప్పదు. రెండు నక్షత్రాలు మరీ దగ్గరగా ఉంటే ఆ మందమే కొలతను చెడగొడుతుంది. తీగను ఇంకా సన్నం చేయలేనప్పుడు ప్రతిబింబాన్నే పెద్దది చేస్తే సరిపోతుంది. అప్పుడు నక్షత్రాల ఎడం పెరుగుతుంది. తీగ మందం మాత్రం పెరగదు. నక్షత్రం తగినంత ప్రకాశంగా ఉంటే కొంత వెలుగు పోయినా బాధ లేదు.

ఇక్కడ దూరదర్శినిలోని ప్రతిబింబంలో వివరం ముందే ఉంది. దాన్ని అందుకునే సాధనమే ముతకగా ఉంది. అందువల్ల విస్తరణ లాభించింది. ఈ మాట గుర్తుంచుకోండి. సాలెపోగు స్థానంలోకి తరువాత ఫిల్ము రేణువు, ఆ పైన డిజిటల్ పిక్సెల్ వచ్చాయి. సూత్రం మారలేదు.

వెలుగు గీసిన గిరి

కటకాన్ని ఎంత నిర్దోషంగా చేసినా నక్షత్రం చుక్కలా కనిపించదు. చిన్న బిళ్లలా, దాని చుట్టూ పలచని వలయాలతో కనిపిస్తుంది. గుండ్రని ద్వారం గుండా వచ్చే కాంతి తరంగాలు వంగి వ్యాపించడమే దీనికి కారణం. దీన్ని వివర్తనం అంటారు. ఈ బిళ్ల పరిమాణాన్ని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జార్జ్ బిడెల్ ఎయిరీ 1835లో ప్రచురించిన పరిశోధనలో గణితంతో తేల్చాడు. అందుకే దానికి ఎయిరీ బిళ్ల అని పేరు.

ఎయిరీ లెక్క ప్రకారం కటకం ఎంత సూక్ష్మ వివరాన్ని విడదీయగలదో దాని ద్వారం వ్యాసమే నిర్ణయిస్తుంది. ద్వారం ఎంత పెద్దదైతే వివరం అంత సూక్ష్మం. ఆకుపచ్చ వెలుగులో 75 మి.మీ. ద్వారం గల కటకం 100 మీటర్ల దూరంలో సుమారు 0.9 మి.మీ. ఎడం గల రెండు చుక్కలను విడదీయగలదు. అంతకు మించి దాని వల్ల కాదు. టెలికన్వర్టర్ పెట్టినా ముందున్న 75 మి.మీ. ద్వారం మారదు. కనుక ఈ హద్దూ మారదు. పక్షి ఈకతో పాటు ఎయిరీ బిళ్ల కూడా రెండింతలవుతుంది, అంతే. ఎఫ్/4 వద్ద ఫిల్ము మీద 5.4 మైక్రాన్లు ఉండే బిళ్ల ఎఫ్/8 వద్ద 10.7 మైక్రాన్లవుతుంది. హద్దు దాటాక ఇంకా పెద్దది చేస్తే బొమ్మ సైజు పెరుగుతుంది కానీ అందులో సమాచారం పెరగదు. దీన్ని వట్టి విస్తరణ అనవచ్చు.

ఒకే గ్రహణం, రెండు నిర్ణయాలు

ఫొటోగ్రఫీ వచ్చాక ఈ బేరం మరింత కటువైంది. కన్ను క్షణంలో చూసేదాన్ని ఆనాటి ప్లేట్లు నిమిషాల తరబడి చూడవలసి వచ్చేది. వెలుగు పలచనైతే ఆ సమయం ఇంకా పెరుగుతుంది. 1860 జూలై 18న స్పెయిన్ మీదుగా సాగిన సంపూర్ణ సూర్యగ్రహణం దీనికి మంచి ఉదాహరణ.

అప్పటికి ఒక పెద్ద సందేహం తీరలేదు. సంపూర్ణ గ్రహణ సమయంలో చంద్రబింబం అంచున ఎర్రని జ్వాలలు కనిపిస్తాయి. అవి సూర్యుడివా, చంద్రుడివా, లేక మన వాతావరణం చేసే మాయా? దీన్ని తేల్చడానికి బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వారెన్ డి లా రూ ఉత్తర స్పెయిన్‌లోని రివబెల్లోసా గ్రామానికి వెళ్లాడు. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఏంజెలో సెక్కి మధ్యధరా తీరం దగ్గర మరో చోట విడిది చేశాడు.

డి లా రూ తీసుకెళ్లినది క్యూ వేధశాలకు చెందిన సౌర కెమెరా. దాని ముందు కటకం వ్యాసం 3.4 అంగుళాలు, నాభ్యంతరం 50 అంగుళాలు. దాని వల్ల సూర్యబింబం అర అంగుళం కంటే తక్కువ వెడల్పుతో ఏర్పడుతుంది. ప్లేటుకు చేరేలోపు మరో కటకాల జత దాన్ని ఎనిమిది రెట్లు పెంచి సుమారు నాలుగు అంగుళాలు చేస్తుంది. ఆ జత పుటాకార కటకం కాదు, అక్షికటకం వంటిది. అయినా జరిగేది అదే విస్తరణ. ఎనిమిది రెట్లంటే వెలుగు 64 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. మామూలు సూర్యుడికైతే అది ఇబ్బంది కాదు. గ్రహణంలో మిగిలే కాసింత వెలుగుకు ప్లేటు స్పందిస్తుందో లేదో ముందుగా చెప్పగలవారు లేరు. సంపూర్ణ గ్రహణం కొద్ది నిమిషాలే ఉంటుంది. తప్పితే మరో అవకాశం రాదు. డి లా రూ ఒక్కో ప్లేటుకు ఒక నిమిషం చొప్పున వెలుగు చూపి రెండు బొమ్మలు తీశాడు. జ్వాలలు ప్లేటు మీద స్పష్టంగా పడ్డాయి.

సెక్కి మరోలా ఆలోచించాడు. తన దూరదర్శినిలో నాభి వద్ద ఏర్పడే బొమ్మనే, విస్తరించకుండా, నేరుగా ప్లేటు మీద పట్టాడు. బొమ్మ చిన్నది. కానీ వెలుగు చిన్న చోట చిక్కగా పడుతుంది కనుక తక్కువ సమయం చాలుతుంది. పెద్ద బొమ్మలో వివరాలను కొలవడం సులువు. చిన్న బొమ్మలో మందమైన వెలుగును పట్టడం సులువు. ఇద్దరూ తమ తమ బేరం చేసుకున్నారు.

రెండు చోట్ల తీసిన బొమ్మలను పోల్చి చూశారు. వందల కిలోమీటర్ల ఎడం ఉన్నా జ్వాలల ఆకారాలు ఒకేలా ఉన్నాయి. గ్రహణం సాగుతున్నకొద్దీ చంద్రుడు వాటి ముందుగా జరుగుతూ ఒక వైపు వాటిని కప్పాడు, మరో వైపు విప్పాడు. అవి సూర్యుడివేనని నిశ్చయమైంది. ఒక పెద్ద ప్రశ్నకు జవాబు రావడంలో రెండు పద్ధతులూ తోడ్పడ్డాయి.

ఎనిమిదేళ్ల తరువాత ఇదే బేరం తెలుగునేల మీదా జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరులో కనిపించింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ అక్కడే వర్ణపటదర్శినితో జ్వాలలను పరిశీలించాడు. హీలియం కథలో గుంటూరు పేరు అలా చేరింది. అదే ఊళ్లో మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెన్నాంట్ బృందం ఫొటోలు తీసింది. వాళ్లు ఎంచుకున్నది వెండి పూసిన సుమారు 9 అంగుళాల గాజు దర్పణం గల దూరదర్శిని. మధ్యలో విస్తరించే కటకమేదీ లేకుండా, దర్పణపు నాభి వద్దే ప్లేటు పెట్టారు. ఆకాశంలో పలచని మబ్బు ఉన్నా బొమ్మలు పడ్డాయి. చంద్రబింబం అంచు నుంచి కొమ్ములా పొడుచుకు వచ్చిన పెద్ద జ్వాల వాటిలో చిక్కింది. ముందు వెలుగును పట్టుకో, తరువాత తీరిగ్గా పెద్దది చేసుకో అన్నది ఈ పద్ధతి. డిజిటల్ బొమ్మను కత్తిరించి పెద్దది చేసుకునే మనం చేస్తున్నదీ ఇదే.

1891: ముగ్గురికి ఒకే ఆలోచన

ఫొటో ప్లేట్లు చురుకైనవి వచ్చాక విస్తరణకు వెలుగు మిగిలింది. 1891లో ఇంగ్లండులో థామస్ రుడాల్ఫస్ డాల్‌మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీథె, అడాల్ఫ్ స్టైన్‌హైల్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా టెలిఫోటో కటకాలను రూపొందించారు. డాల్‌మేయర్ 1899లో ఈ విషయం మీద ఒక గ్రంథమే రాశాడు.

ఇందులో ఒక విశేషం ఉంది. టెలిఫోటో కటకం ముందు వచ్చి టెలికన్వర్టర్ తరువాత వచ్చిందని మనం అనుకుంటాం. నిజానికి తొలి టెలిఫోటోలే కన్వర్టర్ల వంటివి. మామూలు ఫొటో కటకం ఒకటి, దాని వెనుక గొట్టంలో జరపగల పుటాకార కటకం ఒకటి. ఎడం మార్చితే విస్తరణ మారుతుంది. ఒకే సాధనం ఎన్నో నాభ్యంతరాలుగా పనికొచ్చేది. కానీ వెలుగు బాగా తగ్గేది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఏ కటకానికైనా కొన్ని దోషాలు ఉంటాయి. అంచుల గుండా వచ్చిన కిరణాలు ఒకచోట, నడుమ నుంచి వచ్చినవి మరోచోట కలుస్తాయి. ఎరుపు, నీలం వేర్వేరు చోట్ల కలుస్తాయి. వీటిని విపథనాలు అంటారు. వెనుకనున్న కటకం వస్తువును ఎంత పెంచుతుందో ఈ దోషాలనూ అంతే పెంచుతుంది. తన సొంత దోషాలు కొన్ని కలుపుతుంది కూడా.

దీనికి విరుగుడుగా ముందు, వెనుక భాగాలను విడదీయరాని జంటగా రూపొందించారు. ముందు భాగంలోని దోషాన్ని వెనుక భాగంలోని ఎదురు దోషం కొట్టివేసేలా లెక్కకట్టారు. 1905లో జర్మనీ నుంచి వచ్చిన బుష్ సంస్థవారి 'బిస్-టెలార్' ఇలాంటి స్థిర టెలిఫోటోలలో తొలినాటిది. అంటే టెలిఫోటో కటకం ఒకరి కోసం ఒకరుగా కుదిరిన జంట. టెలికన్వర్టర్ ఎవరితోనైనా సర్దుకుపోవలసిన అతిథి. బొమ్మ నాణ్యతలో తేడా ఇక్కడే మొదలవుతుంది.

ఎవరెస్టు ముందు 20 అంగుళాల కటకం

స్థిర టెలిఫోటో ఎంతవరకు చూడగలదో హిమాలయాలు పరీక్షించాయి. 1924 ఎవరెస్టు యాత్రలో జాన్ నోయెల్ చలనచిత్రం తీశాడు. ఆయన వాడినది 20 అంగుళాల, అంటే 508 మి.మీ. కుక్ టెలిఫోటో కటకం. సుమారు 22,000 అడుగుల ఎత్తున కెమెరా నిలిపి, మూడు కిలోమీటర్ల అవతలి మనుషులను చిత్రించడానికి పూనుకున్నాడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 1.8 మీటర్ల మనిషి 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే 508 మి.మీ. కటకం వల్ల ఫిల్ము మీద 0.3 మి.మీ. ఎత్తున పడతాడు. ఆ ఫిల్ము చట్రం ఎత్తు సుమారు 18 మి.మీ. అంటే తెర ఎత్తులో 60వ వంతు, నడిచే చీమంత. రెట్టింపు చేసే కన్వర్టర్ ఉంటే 30వ వంతు అయ్యేవాడు. కానీ సినిమా కెమెరా సెకనుకు ఇన్ని బొమ్మలని తీయాలి గనుక, తగ్గిన వెలుగుకు బదులుగా సమయాన్ని కావలసినంత పెంచే వీలు లేదు.

వెలుగు కాక మరొకటి కూడా అడ్డుపడుతుంది. అది గాలి. జూన్ నెలలో మలొరీ, ఇర్విన్ శిఖరం వైపు సాగినప్పుడు నోయెల్ కటకాన్ని గురిపెట్టి ఎదురుచూశాడు. మేఘాలు శిఖరాన్ని కప్పేశాయి. వాళ్లిద్దరూ తిరిగి రాలేదు. ఎంత పెద్ద కటకమైనా మేఘం వెనుక ఉన్నదాన్ని చూపలేదు. మేఘం లేకపోయినా మధ్యాహ్నపు ఎండలో నేల మీద గాలి కదలాడడం మీరు చూసే ఉంటారు. దూరపు వస్తువు అలల్లో తేలుతున్నట్లు కనిపిస్తుంది. కన్వర్టర్ వస్తువుతో పాటు ఆ అలలనూ పెంచుతుంది.

కన్వర్టర్‌కు పేరు, అపకీర్తి

1950ల చివర ఒకే కటకంతో చూడడం, ఫొటో తీయడం రెండూ చేసే సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరాలు ప్రచారంలోకి వచ్చాయి. 1957లో అసాహి పెంటాక్స్, 1959లో నికాన్ ఎఫ్ ఇలాంటివే. కటకం వెనుక ఏది తగిలించినా ఫలితం కంటికి కనిపిస్తుంది. అందువల్ల కటకానికీ కెమెరాకూ మధ్య బిగించే కన్వర్టర్లు 1960లలో విరివిగా అమ్ముడుపోయాయి. 2 రెట్లు, 3 రెట్లు పెంచేవి చౌకగా దొరికాయి. చాలావాటిలో కొద్దిపాటి గాజు పలకలే ఉండేవి. ఏ కటకానికైనా సరిపోయేలా చేసినవి గనుక ఏ కటకానికీ పూర్తిగా కుదిరేవి కావు. బొమ్మ మూలలు మసకబారేవి. అంచుల వెంట రంగులు కనిపించేవి. కన్వర్టర్ అంటే నాణ్యత చెడుతుందన్న పేరు అప్పుడే పడింది.

1970ల రెండో సగంలో పెద్ద కంపెనీలు తమ సొంత కటకాలకు తగిన కన్వర్టర్లు తెచ్చాయి. నికాన్ సంస్థ 2 రెట్ల కన్వర్టర్‌నే రెండు రకాలుగా చేసింది. టీసీ-200 పొట్టి కటకాలకు, టీసీ-300 పొడవాటి టెలిఫోటోలకు. పొడవాటి కటకం నుంచి కిరణాలు వచ్చే తీరు వేరు కనుక ఒకే కన్వర్టర్ రెండింటికీ బాగా నప్పదు. అతిథిని మళ్లీ ఇంటి మనిషిని చేయడమన్నమాట.

అంకెలతో బేరం

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. బొమ్మలో మసకకు కటకం, కన్వర్టర్, ఫిల్ము ఒక్కొక్కటీ తన వాటా ఇస్తుంది. ఈ వాటాలను నేరుగా కూడరు. వాటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే ఉజ్జాయింపు విలువ వస్తుంది. ఈ కింది అంకెలు లెక్క తెలియడానికి తీసుకున్నవి మాత్రమే.

కటకం వల్ల మసక 15 మైక్రాన్లు, ఫిల్ము వల్ల 20 మైక్రాన్లు అనుకుందాం. 225, 400 కలిపితే 625. వర్గమూలం 25. కన్వర్టర్ లేకుండా తీసి, ప్రింటులో రెండింతలు పెంచితే మసక 50 అవుతుంది. ఇప్పుడు దోషమే లేని 2 రెట్ల కన్వర్టర్ పెడదాం. కటకం మసక 30 అవుతుంది. ఫిల్ము మసక 20గానే ఉంటుంది. మొత్తం 36. అంటే 50 నుంచి 36కు తగ్గింది. బార్లో సాలెపోగు దగ్గర జరిగినదే ఇక్కడా జరిగింది. కానీ నాసిరకం కన్వర్టర్ తన వంతుగా 40 మైక్రాన్లు కలిపితే మొత్తం 54 అవుతుంది. డబ్బు ఖర్చుపెట్టి, వెలుగు పోగొట్టుకుని, చివరకు కత్తిరించి పెంచిన బొమ్మ కంటే అధ్వానమైనది తెచ్చుకున్నట్లు.

ఇక కదలిక సంగతి. కెమెరాను చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 300 మి.మీ. కటకానికి షట్టర్ సమయం సెకనులో 300వ వంతుకు మించరాదని ఫొటోగ్రాఫర్ల వాడుక సూత్రం. 600 మి.మీ.కు 600వ వంతు. కన్వర్టర్ వల్ల వెలుగు నాలుగో వంతైంది గనుక నాలుగింతల సమయం కావాలి. వణుకు రెండింతలైంది గనుక సగం సమయంలోనే ముగించాలి. రెండూ కలిస్తే ఎనిమిది రెట్ల ఇరుకు. చాలామంది కన్వర్టర్ మీద మోపే మసకలో గాజు దోషం కంటే ఈ వణుకు వాటాయే ఎక్కువగా ఉంటుంది. గట్టి ముక్కాలిపీట వాడితే చాలా తేడా వస్తుంది.

పిక్సెల్ కాలంలో

డిజిటల్ కెమెరాలు ఈ లెక్కను మళ్లీ మార్చాయి. 36 మి.మీ. వెడల్పు గల సెన్సర్‌లో 24 మెగాపిక్సెళ్లు ఉంటే ఒక్కో పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు. 45 మెగాపిక్సెళ్లుంటే 4.4 మైక్రాన్లు. అందుకునే సాధనం సన్నబడింది. మన ఉదాహరణలో ఫిల్ము 20కి బదులు 5 పెట్టండి. కన్వర్టర్ లేకుండా మసక 16కు కొంచెం తక్కువ, రెండింతలు పెంచితే సుమారు 32. నిర్దోషమైన కన్వర్టర్‌తో 30. అంతటి శ్రమకు ఫలితం రెండే. కన్వర్టర్ తన వంతు 15 కలిపితే 34కు చేరి, అసలుకే నష్టం.

అంటే కన్వర్టర్ల కాలం ముగిసిందా? లేదు. ముందు కటకం మసకే 5 మైక్రాన్ల దగ్గర ఉంటే లెక్క మళ్లీ లాభానికి తిరుగుతుంది. ఖరీదైన, పెద్ద ద్వారం గల టెలిఫోటోలతో కన్వర్టర్లు బాగా పనిచేయడానికి కారణం ఇదే. కానన్ సంస్థ 2013లో 200-400 మి.మీ. కటకంలోనే 1.4 రెట్ల కన్వర్టర్‌ను అమర్చింది. నికాన్ 2022లో తన 400, 600 మి.మీ. కటకాల్లో అలాగే చేసింది. మీట నొక్కితే కన్వర్టర్ దారిలోకి వస్తుంది, మళ్లీ నొక్కితే తప్పుకుంటుంది. ముందు కటకంతో కలిపి లెక్కకట్టినది గనుక దోషాలు తక్కువ.

మరో పొరపాటు అభిప్రాయం ఉంది. బొమ్మను కత్తిరిస్తే వెలుగు పోతుందని, కన్వర్టర్ పెడితే పోదని కొందరు అనుకుంటారు. షట్టర్ సమయం ఒకటే అయితే పక్షి నుంచి 75 మి.మీ. ద్వారం గుండా వచ్చే వెలుగు రెండు సందర్భాల్లోనూ ఒకటే. దాన్ని కొద్ది పిక్సెళ్ల మీద చిక్కగా పోయాలా, ఎక్కువ పిక్సెళ్ల మీద పలచగా పోయాలా అన్నదే తేడా.

కావలూరులోనూ ఇదే లెక్క

ఈ బేరం ఫొటోగ్రాఫర్లదే కాదు. తమిళనాడులోని కావలూరులో 1986లో ప్రారంభమైన వైను బప్పు దూరదర్శినిని చూడండి. దాని ప్రధాన దర్పణం వ్యాసం 2.34 మీటర్లు. ఆ దర్పణం నాభి వద్ద బొమ్మ ఎఫ్/3.25తో ఏర్పడుతుంది. దారిలో కుంభాకార దర్పణం పెట్టి కిరణాలను వెనక్కు పంపితే ఎఫ్/13 అవుతుంది. ఆ కుంభాకార దర్పణం చేసేది మన పుటాకార కటకం చేసే పనే. విస్తరణ నాలుగు రెట్లు, వెలుగు చిక్కదనం పదహారో వంతు. వెలుగు చిక్కగా, ఎక్కువ ఆకాశం ఒకేసారి కావాలంటే ప్రధాన నాభి. బొమ్మ పెద్దదిగా కావాలంటే రెండో నాభి. ఒకే దూరదర్శినిలో డి లా రూ, సెక్కి ఇద్దరి నిర్ణయాలకూ చోటుంది.

నాలుగు శతాబ్దాల అనుభవాన్ని మూడు ప్రశ్నల్లో చెప్పుకోవచ్చు. ఖర్చుపెట్టడానికి వెలుగు మిగులు ఉందా? ముందు కటకం దగ్గర ఇంకా బయటపడని వివరం ఉందా? దాన్ని అందుకునే ఫిల్ము గానీ, సెన్సర్ గానీ దానికంటే ముతకగా ఉందా? మూడింటికీ అవునని జవాబు వస్తే విస్తరణ మేలు చేస్తుంది. ఒక్కదానికైనా కాదని వస్తే గట్టు మీద నుంచి నాలుగడుగులు జాగ్రత్తగా ముందుకు వేయడమో, పక్షి తానే దగ్గరకు వచ్చేదాకా ఓపిక పట్టడమో మంచిది. ఆ రెండింటి వల్ల వెలుగూ తగ్గదు, దోషాలూ పెరగవు.